కొత్తగా షుగర్ తేలినవారికి: మాత్ర, ముద్ద, మీటరు

మందుల చీటీ కౌంటరు మీద పెట్టి, "ఇవి జీవితాంతం వాడాలా అమ్మా?" అని అడిగేవారికి షుగర్ కొత్తగా తేలిందని నాకు వెంటనే తెలిసిపోతుంది. పాతవాళ్లు ఆ ప్రశ్న వేయరు, "పదిహేను రోజులకు ఇవ్వండి" అంటారు. ముషీరాబాద్ దగ్గర ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మా ఇంట్లోనూ షుగర్ ఉంది. మా వారు సిటీ బస్సు డ్రైవరు, ఆయనకు నిరుడు తేలింది. కాబట్టి ఇక్కడ రాస్తున్నదాంట్లో సగం కౌంటరు దగ్గర చూసినది, సగం వంటింట్లో చూసినది. ఏ మందు, ఎంత మోతాదు అన్నది మీ డాక్టరు తేల్చాలి. ఆ తర్వాత ఇంటికి వచ్చాక ఏం చేయాలో నేను చెబుతాను.

మాత్ర ఒక ఖాతా, భోజనం ఇంకో ఖాతా అనుకోవడంతోనే చిక్కులన్నీ మొదలవుతాయి. మాత్ర వేసుకుని టిఫిన్ మానేసేవారిని, పెళ్లి భోజనానికి వెళ్తూ ఒక మాత్ర ఎక్కువ మింగేవారిని, పథ్యం బాగా చేస్తున్నాం గదా అని మాత్ర ఆపేసేవారిని రోజూ చూస్తుంటాను. రెండింటినీ ఒకే ఖాతాలో రాసుకుంటేనే లెక్క తేలుతుంది.

ముందు రిపోర్టు చదవండి

పరగడుపున, అంటే కనీసం 8 గంటలు ఏమీ తినకుండా ఇచ్చిన రక్తంలో డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉంటే షుగర్ ఉన్నట్టు. హెచ్‌బీఏ1సీ, అంటే అందరూ 'మూడు నెలల షుగర్' అనే పరీక్ష, 6.5 శాతం లేదా ఆ పైన వచ్చినా అంతే. 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి రెండు గంటల తర్వాత చూసినప్పుడు 200కు చేరినా అంతే. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ రాబోయే దశ. అతిదాహం, పదేపదే మూత్రం లాంటి లక్షణాలేవీ లేనప్పుడు డాక్టర్లు మరో పరీక్షతో సరిచూసుకుంటారు. కాలనీలో శిబిరం పెట్టి వేలు గుచ్చి చెప్పిన ఒక్క అంకెను పట్టుకుని మందులు కొనడానికి రాకండి, నేను ఇవ్వను. రక్తహీనత ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఇనుము లోపం ఉంటే మూడు నెలల షుగర్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది.

ఒక హెచ్చరిక. మనిషి సన్నగా ఉండి, కొద్ది వారాల్లోనే బరువు బాగా తగ్గిపోయి, దాహం ఆగకుండా ఉంటే అది మాత్రలతో సరిపోయే రకం కాకపోవచ్చు. ఇన్సులిన్ తప్పనిసరైన మొదటి రకం షుగర్ పిల్లలకే కాదు, పెద్దవారికీ వస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం తోడైతే రేపటి అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. ఇక్కడి నుంచి రాసేదంతా ఎక్కువమందికి వచ్చే రెండో రకం గురించే.

చీటీలో ఏముంది

మాత్రల షీటు వెనక్కి తిప్పండి. పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు. చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఉంటాయి. కంటికి ఆనకపోతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. మీకు అవసరమైనది ఆ చిన్న అక్షరాల పేరే. ఊరు మారినా, షాపు మారినా, బ్రాండు మారినా అది మారకూడదు. జన ఔషధి కేంద్రంలో తక్కువ ధరకు కొనుక్కోవాలన్నా ఆ పేరే చెప్పాలి.

చాలామందికి మొదట రాసేది మెట్‌ఫార్మిన్. కాలేయం రక్తంలోకి వదిలే చక్కెరను తగ్గిస్తుంది, ఒంట్లో ఉన్న ఇన్సులిన్‌ను బాగా పనిచేయిస్తుంది. ఇది ఒక్కటే వాడుతున్నవారికి షుగర్ పడిపోయే భయం దాదాపు ఉండదు. దీని పేచీ అంతా కడుపుతోనే. మొదటి వారం, రెండు వారాలు కడుపు ఉబ్బరం, వికారం, విరేచనాలు, నోట్లో లోహపు రుచి ఉండవచ్చు. అందుకే 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, భోజనంతోపాటు గానీ భోజనం కాగానే గానీ వేసుకోమంటారు. అప్పటికీ పడకపోతే మాత్ర పారేయకండి. డాక్టరుకు చెబితే నెమ్మదిగా కరిగే రకం రాస్తారు, పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్ లాంటి అక్షరాలుంటాయి. వాటిని విరవకూడదు, నూరకూడదు, నమలకూడదు. కొన్ని రకాలకు పై తొడుగు మలంలో మాత్రలాగే కనిపిస్తుంది. మందు ఒంటికి పట్టలేదని కంగారుపడి ఫోను చేసేవారున్నారు. మందు లోపలే దిగిపోయింది, బయటికి వచ్చింది డొల్ల.

మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడు చేస్తుందన్న మాట హైదరాబాద్‌లో ప్రతి అపార్ట్‌మెంటు లిఫ్టులోనూ వినిపిస్తుంది. కిడ్నీలను పాడు చేసేది ఏళ్ల తరబడి అదుపులో లేని షుగర్, బీపీ. వేరే కారణాల వల్ల కిడ్నీలు బాగా బలహీనపడితే ఈ మందు ఒంట్లో పేరుకుంటుంది గనుక అప్పుడు మోతాదు తగ్గిస్తారు లేదా ఆపేస్తారు. క్రియాటినిన్ పరీక్ష చేయించమనేది అందుకే. కిడ్నీల మీద అంత బెంగ ఉంటే, మోకాళ్ల నొప్పికి చీటీ లేకుండా కొనుక్కుని మింగే నొప్పి మాత్రల సంగతి ముందు చూడాలి. మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు. కాళ్ల తిమ్మిరి ఉంటే, ముఖ్యంగా శాకాహారులైతే, ఆ పరీక్ష కూడా అడగండి.

రెండోది గ్లిమెపిరైడ్. గ్లిక్లజైడ్ కూడా ఈ జాతిదే. ఇవి క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేయిస్తాయి. మీరు తిన్నారా లేదా అన్నది వీటికి పట్టదు. వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. అందుకే గ్లిమెపిరైడ్‌ను మొదటి పెద్ద ఆహారానికి కాస్త ముందు గానీ దానితోపాటు గానీ వేసుకోవాలి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిపిన మాత్రలు మన దగ్గర విపరీతంగా అమ్ముడవుతాయి. చాలా బ్రాండ్లలో పేరు చివరి 1, 2 అంకెలు గ్లిమెపిరైడ్ ఎన్ని మిల్లీగ్రాములో చెబుతాయి. "ఒకటి లేకపోతే రెండు ఇవ్వండి, పేరు అదే కదా" అంటారు కొందరు. పేరు అదే, మోతాదు రెట్టింపు.

మా వారికి మొదట ఈ కలిపిన మాత్రే రాశారు, ఉదయం టిఫిన్‌కు ముందు అని. మొదటి షిఫ్టు ఉన్న రోజు ఆయన తెల్లవారకముందే ఇంటి నుంచి బయటపడతారు, టిఫిన్ ఎనిమిదిన్నర దాటాక ఏదో ఒక స్టాపులో. రెండో షిఫ్టు రోజు పొద్దున్నే లేవరు. గడియారం చూసి మాత్ర వేసుకుంటే బస్సు నడుపుతుండగా షుగర్ పడిపోతుంది. మా వారి ఉద్యోగం సంగతి చెప్పగానే డాక్టరు గ్లిమెపిరైడ్ తీసేసి, షుగర్ పడేయని మరో మందు రాశారు. డ్రైవర్లు, నిచ్చెనలెక్కే పనివారు, రాత్రి షిఫ్టు వారు తమ పని ఏమిటో, ఎన్నింటికి తింటారో మొదటి రోజే చెప్పాలి. డాక్టరు అడిగేదాకా ఆగనక్కర్లేదు.

మిగతావి త్వరగా చెబుతాను. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ వంటివి నిదానమైన మందులు, గ్లిమెపిరైడ్‌తో కలిస్తే తప్ప షుగర్‌ను పడేయడం అరుదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి ఎక్కువ చక్కెరను మూత్రంలో బయటికి పంపిస్తాయి. గుండెకూ కిడ్నీలకూ వీటి వల్ల మేలుందని తేలింది. అవి వాడుతున్నప్పుడు మూత్ర పరీక్షలో చక్కెర కనిపించడం మందు పనిచేస్తోందనడానికి గుర్తు, భయపడకండి. మూత్రవిసర్జన తర్వాత నీళ్లతో శుభ్రం చేసుకోవాలి, దురద, ఎర్రదనం వస్తే సిగ్గుపడకుండా చెప్పాలి. వాంతులతో ఏమీ తినలేకపోతున్నప్పుడు, ఆపరేషన్ ముందు ఈ మందు ఆపాలా అని డాక్టరును తప్పక అడగండి. పిండిపదార్థం అరగడాన్ని నెమ్మది చేసే ఓగ్లిబోస్ మాత్రను మొదటి ముద్దతో వేసుకోవాలి. తిన్న గంటకు గుర్తొచ్చి వేసుకుంటే ప్రయోజనం లేదు.

ఏ మాత్రైనా ఒకపూట మర్చిపోతే తర్వాతి పూట రెండు వేసుకోవద్దు. మందులు, ఇంట్లో షుగర్ చూసుకునే మీటరు పట్టీలు స్కూటర్ డిక్కీలో పెట్టుకుని మే నెలలో ఊరంతా తిరగొద్దు. ఇన్సులిన్ రాసినంత మాత్రాన పని అయిపోయిందని కాదు. షుగర్ మరీ ఎక్కువగా ఉన్నప్పుడు కొన్నాళ్లు ఇన్సులిన్ ఇచ్చి, దిగాక మాత్రలకు మార్చడం మామూలే.

కంచం

ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు. మొదటి వారం అన్నం పూర్తిగా మానేస్తారు, రెండో వారం ఓట్స్ డబ్బా కొంటారు, మూడో వారం విసుగెత్తి ఆవకాయ అన్నానికి తిరిగొస్తారు. పదేళ్లు నడవని పథ్యం పది రోజులు చేసి లాభం లేదు.

మన భోజనం ఎలా నడుస్తుందో గమనించండి. పప్పుతో ఒక విడత అన్నం, కూరతో ఒక విడత, పులుసో చారో వస్తే ఇంకో విడత, చివర పెరుగన్నం. ప్రతిసారీ కొంచెమే పెట్టుకున్నట్టు ఉంటుంది, కలిపితే కంచం నిండా అన్నమే. కూర మాత్రం నంజుకున్నంత. దీనికి మా ఇంట్లో చేసిన మార్పు ఒకటే: ఆ పూట తినబోయే అన్నమంతా మొదటే కంచంలో ఒక మూలకు పెట్టేయాలి, మారు వడ్డన లేదు. దాన్నే పప్పుకు ఇంత, చారుకు ఇంత, పెరుగుకు ఇంత అని భాగం చేసుకోవాలి. మొదటి పది రోజులూ మా వారు పెరుగు దగ్గరికి వచ్చేసరికి అన్నం అయిపోయిందని సణిగేవారు. ఇప్పుడు పెరుగు వాటా ముందే పక్కకు జరిపి పెట్టుకుంటున్నారు.

ఎంత పెట్టుకోవాలన్నది బరువును, పనిని, మందును బట్టి ఉంటుంది. మొదలుపెట్టడానికి ఒక కొలత చెబుతాను. 50 గ్రాముల బియ్యం వండితే అటూ ఇటుగా 140 గ్రాముల అన్నం అవుతుంది, అందులో దాదాపు 40 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఒక్కోటి 30 గ్రాముల గోధుమపిండితో చేసిన పుల్కాలు రెండు తిన్నా దాదాపు అంతే. "రాత్రి అన్నం మానేశానమ్మా, చపాతీలే" అని గర్వంగా చెప్పేవారిని ఎన్ని అని అడుగుతాను. నాలుగో ఐదో అంటారు. దానికి అన్నం తిన్నా పోయేది. రోడ్డు పక్కన సాయంత్రం వేడివేడిగా కాల్చి ఇచ్చే జొన్నరొట్టె మంచిదే. పెద్ద రొట్టె ఒక్కటే రెండు పుల్కాలకు తక్కువేమీ కాదని గుర్తుంచుకోండి.

బియ్యం కొట్లో ఆర్ఎన్ఆర్ 15048 అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన ఈ రకాన్నే తెలంగాణ సోనా అంటారు. దీని గ్లైసీమిక్ సూచిక 51 చుట్టుపక్కల వచ్చింది, మామూలు తెల్ల బియ్యం కంటే తక్కువ. సూచిక తక్కువంటే చక్కెర కాస్త నెమ్మదిగా ఎక్కుతుందని అర్థం. పిండిపదార్థం మాత్రం మామూలు బియ్యంలో ఉన్నంతే ఉంటుంది. షుగర్ బియ్యమని పేరు పెట్టుకుని రెట్టింపు తినేవారికి ఆ నెమ్మది ఏ మేలూ చేయదు. రాగుల విషయమూ ఇంతే. రాగి సంగటి ముద్దను ఆకుకూర పప్పుతో మెల్లగా తినడం వేరు, మెత్తటి పిండిని ఉడికించి గ్లాసులో పోసుకుని గటగటా తాగే జావ వేరు. జావ త్వరగా ఎక్కుతుంది. నమ్మకపోతే రెండు గంటల తర్వాత మీటరునే అడగండి.

తినే వరుస కూడా లెక్కలోకి వస్తుంది. ముందు కూర, పప్పు, గుడ్డు లేదా మాంసం కొంత తిని, తర్వాత అన్నం ముట్టుకుంటే తిన్న తర్వాతి షుగర్ తక్కువగా లేస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు. బెండకాయ, బీర, సొర, దొండ, చిక్కుడు, గోంగూర, తోటకూర, ఏదైనా కంచంలో సగం ఆక్రమించాలి. వేపుడు కాకుండా తక్కువ నూనెతో చేసుకోండి. బంగాళదుంప, చేమదుంప, కంద కూరల లెక్కలోకి రావు, అన్నం లెక్కలోకి వస్తాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు కూడా రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం మించవద్దన్నాయి. అది అందరికీ చెప్పిన మాట, షుగర్ ఉన్నవారికే కాదు. అంటే ఇంట్లో అందరికీ ఒకే వంట చేయవచ్చు, వేరే గిన్నెలో 'పేషెంటు కూర' వండక్కర్లేదు.

టిఫిన్లలో ఉప్మా లేని పెసరట్టు అన్నింటికంటే నయం. ఇడ్లీలు రెండుకు ఆపి, ముక్కలున్న సాంబారు, పల్లీల చట్నీ ఎక్కువ పోసుకోండి. బొంబాయి రవ్వ ఉప్మా అయితే రవ్వకు సమానంగా కూరగాయ ముక్కలుండాలి. పూరీ, మైసూర్ బోండా గురించి మీకు తెలుసు, నాకూ తెలుసు.

టీ దగ్గర పోయేది కనిపించదు. కప్పుకు రెండు చెంచాల చక్కెర, రోజుకు ఐదారు కప్పులు, నగరంలో తిరిగేవారికి ఇది మామూలే. ఇరానీ చాయ్‌లో చక్కెర ముందే కలిసి ఉంటుంది, కాబట్టి 'చక్కెర వద్దు' అంటే కుదిరే హోటళ్లు తక్కువ. పక్కన ఉస్మానియా బిస్కెట్ అంటే మైదా, చక్కెర, కొవ్వు. ఆదివారం ఒక కప్పు పెట్టుకోండి, మిగతా రోజులు ఇంటి టీని చక్కెర లేకుండా అలవాటు చేసుకోండి. నాలుకకు మొదట్లో చప్పగా అనిపిస్తుంది, తర్వాత దానికే అలవాటు పడుతుంది. బెల్లం, తేనె చక్కెరకు తోబుట్టువులే. 'షుగర్ ఫ్రీ' అని రాసిన బిస్కెట్లలో చక్కెర లేకపోయినా మైదా ఉంటుంది.

బిర్యానీ లేని హైదరాబాద్ గురించి నేను మాట్లాడను. హోటల్ ప్లేటు ఇద్దరు పంచుకోండి. ముందు ముక్కలు, రైతాలో ఉల్లి కీరా తినండి, తర్వాత అన్నం. ఒక సూక్ష్మం ఉంది: నెయ్యి, నూనె, మాంసం ఎక్కువగా ఉన్న భోజనం మెల్లగా అరుగుతుంది. రెండు గంటలకు మీటరు బాగానే చూపించి, నాలుగో గంటకు పెంచి చూపించవచ్చు. రెండు గంటల అంకె చూసి కద్దూ కీ ఖీర్ (సొరకాయ పాయసం) తెప్పించకండి.

మామిడికాలంలో పండు మానేయమని చెప్పి లాభం లేదు. పెరుగన్నంలో బంగినపల్లి నంజుకోవడం మాత్రం మానేయండి, అన్నానికి పండు తోడైతే రెండు భోజనాలంత. ఎప్పుడైనా సాయంత్రం ఆకలికి నాలుగు ముక్కలు విడిగా తినవచ్చు. రసాలు, జ్యూసులు వద్దు. జామపండు రోజూ తినొచ్చు. కాకరకాయ కూర వండుకోండి, మెంతులు వాడుకోండి, కానీ వాటిని చూసుకుని మాత్ర మానొద్దు. 'నలభై రోజుల్లో షుగర్ మాయం' అనే పేరులేని పొడులు కొనొద్దు. అలాంటి వాటిలో చెప్పకుండా అల్లోపతి మందులు కలిపిన ఉదంతాలు బయటపడ్డాయి, అందులో ఏముందో మీకూ తెలియదు, మీ డాక్టరుకూ తెలియదు.

భోజనం తర్వాత పది పదిహేను నిమిషాల నడక ఉదయం గంట నడకకు బదులు కాదు గానీ, తిన్న తర్వాతి షుగర్‌ను అది నేరుగా తగ్గిస్తుంది. ఇందిరా పార్కుకో కేబీఆర్ పార్కుకో వెళ్లే తీరిక లేనివారు రాత్రి తిన్నాక మేడ మీద నడవండి.

మీటరు

పరగడుపున ఒకసారి గుచ్చుకుని ఊరుకుంటే మీకు తెలిసేది సగమే. జతగా చూడండి: ఒక భోజనానికి ముందు, అదే భోజనం మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు. ఈ వారం టిఫిన్, వచ్చే వారం మధ్యాహ్నం, ఆ తర్వాత రాత్రి. ఏ ఇడ్లీ ఎంత పెంచిందో మీ ఒళ్లే చెబుతుంది, మీ పక్కింటివారి ఒళ్లు చెప్పేది మీకు పనికిరాదు. చాలామంది పెద్దవారికి భోజనానికి ముందు 80 నుంచి 130, తిన్న తర్వాత 180 లోపు, హెచ్‌బీఏ1సీ 7 లోపు ఉండేలా చూస్తారు. వయసు మళ్లినవారికి, గుండె జబ్బు ఉన్నవారికి లక్ష్యం కాస్త సడలిస్తారు, మీ లక్ష్యమేమిటో అడిగి రాయించుకోండి.

చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోండి. మామిడిపండు తిన్న వేలితో గుచ్చుకుంటే పండు చక్కెర కూడా లెక్కలో పడుతుంది. వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. గట్టిగా పిండొద్దు. పట్టీల డబ్బా మూత వెంటనే బిగించాలి, గాలిలో తేమ తగిలితే అంకెలు తప్పుతాయి. ఇంటి మీటరుకూ ల్యాబుకూ 15 శాతం దాకా తేడా ఉండొచ్చు, 148కి 156 వచ్చిందని మీటరు మార్చకండి. మా ఇంట్లో అంకెలు రాసేది గోడ మీది తెలుగు క్యాలెండరులో, పాల ప్యాకెట్ల గీతల పక్కనే. ఏం తిన్నదీ ఒక్క మాట కూడా: '212, చుట్టాల ఇల్లు'.

ల్యాబులో తిన్న తర్వాతి పరీక్షకు వెళ్లే రోజు మాత్రం పథ్యం భోజనం చేసి మంచి మార్కులు తెచ్చుకోకండి. రోజూ తినేదే తిని, రోజూ వేసుకునే మాత్రే వేసుకుని వెళ్లండి. డాక్టరు ఆ అంకెను బట్టే మోతాదు నిర్ణయిస్తారు.

షుగర్ పడిపోతే

ఒక ఉదయం ఒక పెద్దాయన షాపు ముందు ఆగి కౌంటరు అంచు రెండు చేతులతో పట్టుకున్నారు. చొక్కా వీపంతా తడిసిపోయింది, పెదవులు వణుకుతున్నాయి, ఏదో చెప్పబోయి చీటీ వెతుకుతున్నారు.

"టిఫిన్ చేశారా బాబాయి గారూ?"

"లేదు తల్లీ, పరగడుపున రక్తం ఇవ్వాలి కదా. మాత్ర మాత్రం వేసుకున్నాను."

ల్యాబు తెరవడం ఆలస్యమైంది, లోపల గ్లిమెపిరైడ్ తన పని తాను చేసుకుపోయింది. కుర్చీలో కూర్చోబెట్టి, మూడు చెంచాల గ్లూకోజు పొడి అర గ్లాసు నీళ్లలో కలిపి ఇచ్చాను. పావుగంటకు ముఖంలో రంగు వచ్చింది. పక్క బండి నుంచి ఇడ్లీ తెప్పించి తినిపించాక గానీ కదలనివ్వలేదు. పరగడుపు పరీక్ష ఉన్న ఉదయం షుగర్ మాత్ర రక్తం ఇచ్చాకే, తినబోయేటప్పుడే.

చెమట, వణుకు, గుండెదడ, ఉన్నట్టుండి ఆకలి, చిరాకు, మాట తడబడటం కనిపిస్తే వీలుంటే మీటరు చూడండి. 70 కంటే తక్కువుంటే, మీటరు దగ్గర లేకపోయినా అనుమానం ఉంటే, 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే. లడ్డూ, చాక్లెట్ పనికిరావు, వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. ఓగ్లిబోస్ లేదా దాని జాతిదే అయిన అకార్బోస్ వాడేవారికి మామూలు చక్కెర కూడా త్వరగా పనిచేయదు, గ్లూకోజే కావాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోను చేయండి. గ్లిమెపిరైడ్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి కోలుకున్నట్టు కనిపించినా మళ్లీ పడవచ్చు, ఆ రోజు ఒంటరిగా ఉండొద్దు, డాక్టరుకు చెప్పాలి. ఖాళీ కడుపున మద్యం కూడా ఇదే పని చేస్తుంది.

ఏకాదశి, కార్తీక సోమవారం, శివరాత్రి, రంజాన్, ఏ ఉపవాసమైనా మాత్రల వేళలు ముందుగా డాక్టరుతో మార్పించుకున్నాకే. పొద్దుటి మాత్ర అలవాటుగా వేసుకుని సాయంత్రం దాకా మంచినీళ్లతో ఉండటం ప్రాణం మీదికి తెస్తుంది.

కళ్లు, కిడ్నీలు, పాదాలు

రెండో రకం షుగర్ బయటపడేనాటికే కొన్నేళ్లుగా ఒంట్లో ఉండి ఉండవచ్చు. అందుకే కంటి పరీక్షను ఏడాది తర్వాతకు వాయిదా వేయకూడదు. చుక్కలు వేసి కంటి వెనక పొర చూసే పరీక్ష అది, అద్దాల షాపులో అక్షరాలు చదివించేది కాదు. మెహదీపట్నంలోని సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి మీద వెళ్లకండి. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీను, రక్తంలో క్రియాటినిన్, కొలెస్టరాల్ కూడా ఇప్పుడే చూపించుకుని, తర్వాత ఏడాదికోసారి చూసుకోవాలి. బీపీ 130/80 లోపు ఉంచుకోవాలి. ఖర్చు భారమైతే మీ బస్తీ దవాఖానాకు వెళ్లండి, షుగర్, బీపీ పరీక్షలూ మందులూ ఉచితం.

పాదాలను రోజూ రాత్రి చూసుకోండి, అరికాలు కనిపించకపోతే కింద అద్దం పెట్టుకోండి. స్పర్శ తగ్గినవారికి కాలిన సంగతి తెలియదు. చిలుకూరు బాలాజీ గుడిలో 108 ప్రదక్షిణల మొక్కు ఉంటే ఎండాకాలం మధ్యాహ్నం పెట్టుకోకండి, తెల్లవారుజామున తీర్చుకోండి, ఇంటికి వచ్చాక బొబ్బలేమైనా లేచాయేమో చూసుకోండి. ఆనెలను బ్లేడుతో కోయొద్దు.

తగ్గిపోతుందా?

మొదటి ప్రశ్నకు వస్తాను. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. షుగర్ తేలి ఆరేళ్లు దాటని, అధిక బరువున్న వారికి వైద్యుల పర్యవేక్షణలో కఠినమైన ఆహార నియమం పెట్టారు. ఏడాది తర్వాత దాదాపు సగం మందికి మందులు లేకుండానే షుగర్ హద్దులోకి వచ్చింది, 15 కిలోలు పైగా తగ్గినవారిలో ఆ వాటా చాలా ఎక్కువ. కాబట్టి పొట్ట ఉన్నవారికి ఆశ ఉంది, తేలిన కొత్తలోనే ఎక్కువ ఉంది. అయితే అది మళ్లీ రాకుండా పోవడం కాదు, బరువు పెరిగితే తిరిగి వస్తుంది. సన్నగా ఉన్నవారికి ఈ దారి అంతగా వర్తించదు. ఎవరికైనా మాత్ర తగ్గించేది, ఆపేది అంకెలు చూసి డాక్టరే.

మూడు నెలలకు రెండోసారి వెళ్లేటప్పుడు క్యాలెండరు కాగితాలు, మీరు వేసుకునే మాత్రల షీట్లన్నీ, బీపీవి, థైరాయిడ్‌వి, ఆయుర్వేదానివి సహా, ఒక సంచీలో వేసుకుని వెళ్లండి. "తెల్ల మాత్ర, పొద్దున వేసుకునేది" అంటే డాక్టరుకూ తెలియదు, నాకూ తెలియదు. షీటులో ఐదు మాత్రలు మిగిలి ఉండగానే కొత్తది కొనుక్కోండి. ఆదివారం రాత్రి పదిన్నరకు సగం దించిన షట్టరు కింద నుంచి వంగి అడిగితే, మీ బ్రాండు లేక వేరేది ఇవ్వాల్సి వస్తుంది, అప్పుడు షీటు వెనక చిన్న అక్షరాలు చదవాల్సింది మీరే.